గీతకు అటూ ఇటూ ఊళ్ళు: తిరుత్తణి, తిరువళ్ళూరు గ్రామపటాలపై సమీక్ష

తిరువళ్ళూరు జిల్లాలో ఊళ్ళెన్ని అని అడిగితే ఆఫీసుకొక జవాబు వస్తుంది. పంచాయతీల లెక్కలో 14 యూనియన్లు, 526 గ్రామ పంచాయతీలు. రెవెన్యూ శాఖ దగ్గర గ్రామాలు అంతకంటే ఎక్కువ. మంచినీళ్ళు, రోడ్లు చూసే శాఖలు జనావాసాల వారీగా లెక్కపెడతాయి కాబట్టి వాటి జాబితా ఇంకా పొడుగు. జనాభా లెక్కలవాళ్ళది మరో జాబితా. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో శాఖ తన అవసరానికి తగినట్టు ఊరికి అర్థం చెప్పుకుంది, అంతే. చిక్కల్లా ఈ జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవడంలోనే ఉంది. సరిహద్దు తాలూకాల్లో ఈ చిక్కు రెండింతలు. గట్టుకు అవతల మరో రాష్ట్రం, మరో లిపి, మరో రికార్డు.

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట ప్రాంతాల్లో రెండున్నర శతాబ్దాలుగా ఊళ్ళను ఎవరెవరు ఎలా పటానికి ఎక్కించారో, అందులో ఏది దక్కిందో, ఏది జారిపోయిందో చూడడం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన పటాలు చాలావరకు రెవెన్యూ గ్రామం దగ్గర ఆగిపోతున్నాయి. మనుషులు బతికేది పల్లెలో, వాడలో, కాలనీలో. పటం అక్కడిదాకా దిగాలి. సరిహద్దులో ఆ పనిని రెండు రాష్ట్రాలూ కలిసి, రెండు లిపుల్లో చెయ్యాలి.

పొలిమేర నుంచి పటం దాకా

సర్వేయరు రాకముందే ఊరికి హద్దు ఉంది. ఈ సీమలో గంగమ్మ జాతరకు చాటింపు వేస్తే ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు ఉంది. ఆ పొలిమేర ఎక్కడో ఊళ్ళో అందరికీ తెలుసు. కరణానికి మరీ బాగా తెలుసు. చెరువు, దాని కింద ఆయకట్టు, మేత బీడు, వల్లకాడు, ఊరు, చేరి (దళితవాడ) అన్నీ అతని లెక్కల్లో ఉండేవి. కాగితం మీద గీత మాత్రం ఉండేది కాదు.

కాగితానికి ఎక్కించే పని మద్రాసు చుట్టుపక్కల మొదలైంది. ఆర్కాటు నవాబు 1763లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన చెంగల్పట్టు జాగీరును థామస్ బర్నార్డ్ 1767 నుంచి 1774 దాకా సర్వే చేశాడు. సుమారు రెండు వేల ఊళ్ళ వివరాలు అందులో చేరాయి: ఇళ్ళెన్ని, ఏ కులాలు, ఎంత భూమి, చెరువులేవి, పంటలో ఎవరి వంతు ఎంత. ఊళ్ళ తాటాకు లెక్కలతో కలిపి ఈ రికార్డులను చరిత్ర పరిశోధకుడు ధరంపాల్, ఆయన తర్వాత చెన్నైలోని సెంటర్ ఫర్ పాలసీ స్టడీస్ పరిశోధకులు మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అప్పటి సర్వే నేటివాటి కంటే ఒక్క విషయంలో మెరుగు. అది భూమిని మాత్రమే కాక ఇళ్ళను, వాటిలో ఉండేవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకుంది.

1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. కొండశిఖరాల మధ్య కోణాలు కొలిచే ఆ పద్ధతిలో దేశం ఆకారం ఖచ్చితంగా తేలింది, కానీ ఊళ్ళు అందులో కనిపించవు. అదే కాలంలో మరో సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కైఫీయతులు సేకరింపజేశారు. ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాల కథలు వాటిలో ఉన్నాయి. ఒకరు కొలతలు కూర్చారు, ఒకరు కథలు కూర్చారు. ఈ రెండూ ఒకే పటంలో కలవలేదు.

పన్ను కోసం జరిగిన రెవెన్యూ సర్వే పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఊపందుకుంది. మద్రాసు రాజధానిలో సర్వే, సెటిల్‌మెంట్ శాఖ 1858లో మొదలైంది. రైత్వారీ గ్రామాల్లో పొలం పొలం కొలిచారు. తిరుత్తణి వైపు పరిస్థితి వేరు. అది కార్వేటినగరం జమీందారీ. జమీందారు ఏడాదికింత అని పేష్కస్ కట్టేస్తే ఊళ్ళో గట్లెక్కడ ఉన్నాయో సర్కారుకు పట్టేది కాదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక అలాంటి చోట్ల పద్ధతిగా సర్వే, సెటిల్‌మెంటు జరపాల్సి వచ్చింది. అందుకే ఒకే జిల్లాలో పక్కపక్కనే ఉన్న ఊళ్ళకు కూడా రికార్డుల వయసు ఒకటి కాదు.

నూరు లింకుల గొలుసు కొలవని చోటు

గ్రామపటం ఎలా తయారవుతుందో దగ్గరగా చూస్తే దాని బలం, లోపం రెండూ తెలుస్తాయి. సర్వేవాళ్ళ దగ్గర ఎఫ్‌.ఎం.బి. అనే క్షేత్ర కొలతల పుస్తకం ఉంటుంది. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో కాగితం. పొలం ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒక ఆధారరేఖ గీస్తారు, దాన్ని జి లైన్ అంటారు. గట్టు వంపు తిరిగిన ప్రతిచోటా ఆ రేఖకు లంబంగా ఎంత దూరమో కొలిచి రాస్తారు. పొలం అంచులు ఎఫ్ లైన్లు. పాత కాగితాల్లో కొలతలన్నీ లింకుల్లో ఉంటాయి: గొలుసు పొడవు 66 అడుగులు, అందులో లింకులు నూరు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ కాగితాలన్నీ కూర్చి మైలుకు 16 అంగుళాల లెక్కన గ్రామపటం గీస్తారు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి పాతుతారు. ఆ రాయి కదిలితే మూడు ఊళ్ళ మధ్యా తగవే.

ఇంత నిక్కచ్చిగా గట్టు వంపు కూడా వదలకుండా కొలిచిన పటంలో మనుషులుండే చోటుకొచ్చేసరికి పని ఆగిపోతుంది. ఇళ్ళున్న స్థలమంతా కలిపి ఒకటో రెండో సర్వే నంబర్లు, మీద ఒక్క మాట: నత్తం. ఆంధ్ర వైపు దాన్నే గ్రామకంఠం అంటారు. దానిమీద శిస్తు లేదు కనుక కొలవాల్సిన పనీ లేదనుకున్నారు. వీధులు, సందులు, బావి, చేరి, ఎవరి ఇల్లు ఎక్కడ అన్నవేవీ ఆ పటంలో లేవు. తర్వాతి కాలంలో నత్తం సర్వేలు జరిగాయి, పట్టాలూ ఇచ్చారు. అయినా పటానికి మూలరూపం మారలేదు. మన గ్రామపటం పుట్టుకతోనే పొలం పటం, జనం పటం కాదు.

కొలవని చోటును జ్ఞాపకంలో మోసినవాడు కరణం. తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో వంశపారంపర్య గ్రామాధికార పదవులను రద్దు చేశాయి. పుట్టుకతో వచ్చే అధికారాన్ని తీసెయ్యడం న్యాయమే. దాని వెనకే రావలసిన పని ఒకటి మిగిలిపోయింది: కరణం తలలో ఉన్న ఊరిని కాగితం మీదికి తెచ్చుకోలేదు. ఇప్పుడు తమిళనాడు వైపు వి.ఏ.ఓ. (గ్రామ పరిపాలనాధికారి) వస్తారు, బదిలీ మీద వెళతారు. ఏ తోపు అవతల ఏ వాడ ఉందో కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ తెలుసుకోవాలి.

1960 నాటి గీత

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి తిరుత్తణి అందులోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటే ఆంధ్రలో చేరింది. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు అలా ఏడేళ్ళకు కొంచెం తక్కువగా ఆంధ్రలో ఉంది. తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం తిరుత్తణి, తిరుపతి తమిళులకే చెందాలని ఉద్యమం నడిపారు. తెలుగువారు మద్రాసు కోసం ఎంత తపించారో, తమిళులు ఉత్తర సరిహద్దు కోసం అంత తపించారు. చివరికి హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం వహించారు. దాని ఆధారంగా 1959లో పార్లమెంటు సరిహద్దుల సవరణ చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో చాలా భాగం, పళ్ళిపట్టు ప్రాంతం కలిపి మూడు వందలకు పైగా గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి. సత్యవేడు ప్రాంతంతో కలిపి చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి సుమారు నూట యాభై గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి.

ఈ పరిష్కారానికి ప్రమాణం గ్రామం. తాలూకాను గంపగుత్తగా ఇటో అటో పడెయ్యకుండా ఊరూరూ విడిగా చూసి, ఎక్కువమంది మాట్లాడే భాష, భూమి కలిసి ఉండడం అన్న రెండు గీటురాళ్ళతో తేల్చారు. ఇది మంచి పద్ధతి. భాషా సరిహద్దుల తగాదాల్లో ఈ సూత్రాన్ని తర్వాత చాలామంది ఉదాహరించారు, బెళగావి విషయంలో మహారాష్ట్ర కూడా. కానీ ఆ గ్రామం రెవెన్యూ గ్రామం. దాని కింద నాలుగు పల్లెలుండి, మూడింటిలో తమిళం, ఒకదానిలో తెలుగు మాట్లాడితే లెక్క మొత్తానికి తమిళ గ్రామమే. ఇటు తిరిగినా అంతే. గీత ఎక్కడ పడ్డా కొన్ని వాడలు అవతలి భాషతో మిగిలిపోయేవే. ఆ మిగిలిన వాడలు ఏవి, ఎక్కడున్నాయి అన్నది ఎవరూ పటం మీద గుర్తించి పెట్టలేదు. అరవై ఏళ్ళు దాటాక ఇప్పుడు తెలుగు బడి ఎక్కడ కావాలి, తమిళ బడి ఎక్కడ కావాలి అన్న ప్రశ్న వస్తే తేల్చుకోవడానికి ఆధారం లేకపోవడానికి మూలం అక్కడుంది.

1997లో చెంగల్పట్టు నుంచి విడిపోయి తిరువళ్ళూరు జిల్లా అయింది. అవతల 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలను 13 నుంచి 26 చేసినప్పుడు నగరి చిత్తూరు జిల్లాలో ఉండిపోయింది, సత్యవేడు, నాగలాపురం, పిచ్చాటూరు తిరుపతి జిల్లాకు వెళ్ళాయి. అంతకుముందు సరిహద్దు మాట్లాడుకోవాలంటే అవతల ఇద్దరు కలెక్టర్లు, చిత్తూరు, నెల్లూరు. ఇప్పుడూ ఇద్దరే, కానీ ఏ ఊరు ఎవరి కింద అన్నది మారింది. ఇవతల కూడా పటాలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. తిరుత్తణి అసెంబ్లీ స్థానం తిరువళ్ళూరు జిల్లాలోది, లోక్‌సభకు వచ్చేసరికి అరక్కోణం కిందికి వస్తుంది. తిరువళ్ళూరు పిన్‌కోడు 602తో మొదలైతే తిరుత్తణిది 631తో మొదలవుతుంది. ఒకే ఊరు ఓటుకొక పటంలో, ఉత్తరానికొక పటంలో, పట్టాకొక పటంలో ఉంటుంది.

చేతిలో ఉన్న పటాలు

ఈనాడు ఒక పల్లె కోసం వెతికేవారి ముందు ఐదారు దారులున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో తిరుత్తణి, తిరువళ్ళూరు, నగరి, సత్యవేడు అన్నీ 57 ఓ అనే ఒకే షీటు పరిధిలోకి వస్తాయి. రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆ షీటు ఖాళీ కాదు. గుట్ట, వాగు, చెరువు, ఇళ్ళ గుంపు రెండు వైపులా ఒకే తీరున కనిపిస్తాయి. సర్కారు పటాల్లో సరిహద్దును నిజాయితీగా చూపేది ఇదొక్కటే అని నేననుకుంటాను. దాని లోపం వయసు. కొత్త కాలనీలు, కొత్త రోడ్లు అందులోకి ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది.

రెవెన్యూ రికార్డులు రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్లకెక్కాయి. తమిళనాడులో పట్టా, చిట్టా, ఎఫ్‌.ఎం.బి. నకలు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరు 21న డ్రోన్లు, రోవర్లతో భూముల రీసర్వే మొదలుపెట్టింది. రెండూ పెద్ద పనులే. రెండూ పొలిమేర దగ్గర ఆగిపోతాయి. అవతలి రాష్ట్రపు సర్వే నంబరు ఇవతలి పటంలో ఉండదు.

జనాభా లెక్కల జాబితాలో ప్రతి గ్రామానికీ ఒక కోడు, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో మరో కోడు. శాఖల మధ్య లెక్కలు కలపడానికి ఇవి చాలా అవసరం. ఈ కోడులు గ్రామం, పంచాయతీ మట్టానికి బాగా పనికొస్తాయి. శివారు పల్లె గుర్తింపు మాత్రం ఇంత గట్టిగా లేదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మాత్రం జనావాసాన్నే లెక్కకు తీసుకుంది. మైదానంలో 500 మంది ఉన్న జనావాసానికి రోడ్డు వెయ్యాలన్నది దాని సూత్రం. ఆ పథకం భౌగోళిక సమాచారాన్ని 2022లో అందరికీ తెరిచారు. వాడల వివరం సర్కారు దగ్గరే ఉందని దీంతో తేలింది. అది రోడ్ల శాఖ దగ్గర ఉండి, భూమి పటంలో లేకపోవడమే లోటు.

ఇక స్వచ్ఛందంగా జనమే గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004 నుంచి నడుస్తోంది. ఉపగ్రహ చిత్రం చూసి రోడ్లు, ఇళ్ళు, చెరువులు ఎవరైనా గీయొచ్చు. ఒక ఊరికి తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో వేర్వేరుగా పేర్లు రాసే వీలుంది. సరిహద్దుకు ఇంతకంటే తగిన ఏర్పాటు మరొకటి నాకు కనపడలేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ నిబంధనలు సడలించాక ఇలాంటి పనికి అడ్డంకులు కూడా తగ్గాయి. అయితే పైనుంచి తీసిన బొమ్మలో ఇంటికప్పు కనిపిస్తుంది కానీ పేరు కనిపించదు. పేరు చెప్పేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళను అడగకుండా గీసిన పల్లె పటంలో పేరులేని చుక్కగా మిగులుతుంది.

పేర్లు, వాడలు, వరద

లోటుపాట్లు మూడు చోట్ల బాగా బయటపడతాయి.

మొదటిది పేర్లు. ఈ సీమ ఊళ్ళ పేర్లకు రాష్ట్రం పట్టదు. ఏకాంబరకుప్పం ఆంధ్రలో ఉంది, అమ్మయార్‌కుప్పం తమిళనాడులో ఉంది. అరక్కోణం నుంచి రేణిగుంట వెళ్ళే రైలు తిరుత్తణి, పొన్‌పాడి దాటాక వెంకటనరసింహరాజువారిపేట చేరుతుంది, దేశంలోని అతి పొడుగాటి స్టేషన్ పేర్లలో అదొకటి. ఇవతల ఇంచుమించు అలాంటిదే రామకృష్ణరాజుపేట రికార్డుల్లో ఆర్.కె. పేట అయింది. ఆంధ్రవైపు కండ్రిగలు తమిళనాడు బోర్డుల మీద కండిగైలవుతాయి. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, త, దలకు ఒకే అక్షరం. అందువల్ల తెలుగు పేరు తమిళంలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి, మళ్ళీ తెలుగులోకి తిరిగొచ్చేసరికి గుర్తుపట్టలేనట్టు మారుతుంది. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ళ పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగును తమిళ ఉచ్చారణకు తగ్గట్టు మారుస్తూ ఉత్తర్వు ఇచ్చింది, విమర్శలొచ్చాక కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది. ఒక్క సరైన పేరు తేల్చాలనుకుంటే ఈ తగవు తెగదు. వాడుకలో ఉన్న పేర్లన్నీ ఒకే స్థలానికి కట్టి ఉంచడమే దారి.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, వాడలు. ఊరు అని పటంలో చుక్క పడేది చాలాచోట్ల గుడి ఉన్న వీధి దగ్గర. దళితవాడ కిలోమీటరు అవతల ఉన్నా దానికి విడిగా పేరు ఉండదు, ఉన్నా కాలనీ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఇరుళర్ గిరిజనుల పరిస్థితి ఇంకా దీనం. తిరువళ్ళూరు జిల్లాలో వాళ్ళు చెరువుకట్టల పక్కన, కాలువ ఒడ్డున, పోరంబోకు నేలల్లో, ఇటుక బట్టీల దగ్గర ఉంటారు. అవతల యానాదుల బతుకూ ఇంతే. నేల పోరంబోకు కనుక పట్టా లేదు. పట్టా లేదు కనుక పటంలో లేదు. పటంలో లేని చోటుకు చిరునామా ఉండదు. చిరునామా లేకపోతే రేషను కార్డు, కులధ్రువీకరణ పత్రం, కరెంటు మీటరు ప్రతిదానికీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. పటంలో పేరు పడడం వాళ్ళకు గౌరవం ఒక్కటే కాదు, హక్కులకు మొదటి మెట్టు.

మూడోది వరద. ఈ జిల్లా ఏరుల్లో కొన్ని ఆంధ్రలో పుట్టి ఇటు వస్తాయి. పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ జలాశయం గేట్లెత్తితే నీళ్ళు సురుటుపల్లి మీదుగా ఊత్తుకోట చేరతాయి. కార్వేటినగరం వైపు కృష్ణాపురం జలాశయం నుంచి వదిలిన నీరు కుశస్థలిలో పళ్ళిపట్టు ఊళ్ళ దాకా వచ్చి, కిందకి పూండి జలాశయంలో కలుస్తుంది. గేట్లెత్తే ఇంజనీరు ఒక రాష్ట్రం, మునిగే వాడ ఇంకో రాష్ట్రం. ఇంతెత్తు నీరు వస్తే ఏ ఊరన్నదే కాదు, ఆ ఊళ్ళో ఏ వాడ మునుగుతుంది, దాన్ని దగ్గరి బడికి తీసుకెళ్ళే దారి ఏది అన్నది ఇద్దరి దగ్గరా ఒకే పటంలో ఉండాలి. ఏటి ఒడ్డునే ఉండే ఇరుళర్, యానాది గుడిసెలు ఆ పటంలో లేకపోతే హెచ్చరిక వాళ్ళకు చేరనే చేరదు.

పైగా ఊళ్ళే మారిపోతున్నాయి. 2022లో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచుతూ తమిళనాడు ఉత్తర్వు ఇచ్చింది. సత్యవేడు పక్కన శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతం పెరిగింది, చిత్తూరు–తచ్చూరు ఎక్స్‌ప్రెస్ రహదారి పొలాల్ని చీల్చుకుంటూ పోతోంది. కండ్రిగల మధ్య నగర్‌లు లేస్తున్నాయి. పాత పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ పనికి ఎక్కువ గడువు లేదనడానికి అదే కారణం.

చెయ్యాల్సిన పని

జనావాసాన్ని ప్రాథమిక ప్రమాణంగా తీసుకోవాలి. ప్రతి పల్లెకు, వాడకు, కాలనీకి, ఇటుక బట్టీ దగ్గరి గుడిసెల గుంపుకు ఒక స్థానం, ఒక కోడు ఉండాలి. దాని పైన రెవెన్యూ గ్రామం, పంచాయతీ, తాలూకా ఏవైతే అవి కట్టొచ్చు. అవి మారినా వాడ తన చోట ఉంటుంది. పేర్లు తమిళంలో, తెలుగులో, పలికే తీరును బట్టి నమోదు కావాలి. వాడకు ఏ పేరుండాలో, కులం పేరుతో పిలిచే పాత పిలుపును పటంలో ఉంచాలో వద్దో ఆ వాడవాళ్ళే చెప్పాలి.

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మండలాలు, తాలూకాలకు ఒకే ఉమ్మడి పటం తయారు కావాలి. తిరువళ్ళూరు, చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లు ముగ్గురూ ఒప్పుకుంటే ఇది కొత్త చట్టం అక్కర్లేని పని. వరద కారణంగానైనా మొదలుపెట్టొచ్చు. 1983లో కృష్ణా నీళ్ళ కోసం ఒప్పందం చేసుకుని, కండలేరు నుంచి పూండి దాకా కాలువ తవ్వుకున్న రెండు రాష్ట్రాలకు పటం పంచుకోవడం కష్టమేమీ కాదు.

రానున్న జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీ. ఇళ్ళను డిజిటల్‌గా గుర్తించే ఆ లెక్కల్లో ప్రతి ఇల్లూ ఏ వాడలోదో నమోదు చేస్తే సగం పని అక్కడే అవుతుంది. మిగతా సగం స్థానికులది. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల బడుల్లో తెలుగు, తమిళం చెప్పే ఉపాధ్యాయులున్నారు. నేతపని చేసే పేటల్లో సంఘాలున్నాయి. ఇరుళర్ల మధ్య పనిచేసే కార్యకర్తలున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఫోనుతో తమ ఊరి వీధులు, బావులు, వాడలు గుర్తించి, అవ్వాతాతల్ని అడిగి పేర్లు రాస్తే నెలలో ఒక పంచాయతీ పూర్తవుతుంది. తెలుగు వికీపీడియాలో ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళకు వేల పేజీలు రాసినవాళ్ళు తిరుత్తణి ఊళ్ళ మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. ఆ ఊళ్ళలో మన భాష ఇంకా ఇంటి భాష.

1960లో రెండు రాష్ట్రాలు గ్రామాన్ని ప్రమాణంగా పెట్టుకుని పెద్ద తగవు తెంచుకున్నాయి. ఇప్పుడు మిగిలింది తగవు కాదు, లెక్క. ఆ లెక్క వాడ దాకా దిగితే ఇరుళర్ పిల్లకు ధ్రువపత్రం, పళ్ళిపట్టు రైతుకు వరద హెచ్చరిక, సరిహద్దు పల్లెలో తెలుగు బిడ్డకు, అవతల తమిళ బిడ్డకు తన బడి దొరుకుతాయి. ముందుగా మూడు జిల్లాల నుంచి ఒక్కో పంచాయతీని తీసుకుని ఈ పద్ధతి పరీక్షించాలి. అందుకు కావలసిన పరికరాలు, జాబితాలు, మనుషులు ఈ రోజే అందుబాటులో ఉన్నారు.